కంప్యూటర్‌కి కళ్ళెం

తొంభైల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్ళకి ఆ పెట్టె గుర్తుండే ఉంటుంది. ఏసీ గది బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, డాస్, వర్డ్‌స్టార్, లోటస్ నేర్చుకున్న రోజులవి. లేత గోధుమరంగు క్యాబినెట్, దాని ముందు మూడు బటన్లు. ఒకటి పవర్. ఒకటి రీసెట్, దాని మీద చెయ్యి వేస్తే సార్ ఊరుకునేవారు కాదు. మూడోదాని మీద టర్బో అని రాసి ఉండేది. పక్కనే చిన్న కిటికీలో 33 అనో 66 అనో ఒక అంకె మెరుస్తూ ఉండేది.

టర్బో అనే పేరు చూస్తే, నొక్కగానే కంప్యూటర్ పరుగందుకుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి ఆ బటన్ పెట్టింది వేగం పెంచడానికి కాదు, తగ్గించడానికి. టర్బో దీపం వెలుగుతూ ఉందంటే కంప్యూటర్ తన మామూలు వేగంతో నడుస్తోందన్నమాట. బటన్ మళ్ళీ నొక్కి దీపం ఆర్పేస్తే అది నెమ్మదిస్తుంది. బోలెడంత డబ్బు పోసి కొనుక్కున్న వేగాన్ని తగ్గించుకోవడానికి ఒక బటనా? ఎవరికి కావాలది?

ఎక్కువగా ఆటలు ఆడేవాళ్ళకి కావాలి. కాపీ చెయ్యకుండా తాళం వేసి అమ్మిన కొన్ని ఫ్లాపీలు కూడా వేగం మారితే మొరాయించేవి కానీ, అసలు గొడవంతా ఆటలతోనే. ఆ గొడవ ఎలా మొదలయిందో చెప్పాలంటే 1981కి వెళ్ళాలి.

ఆ ఏడాది ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ని న్యూయార్కులో విడుదల చేసింది. అందులో ఉన్నది ఇంటెల్ 8088 అనే చిప్పు. దాని వేగం 4.77 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకి సుమారు 47 లక్షల 70 వేల సార్లు దాని గుండె కొట్టుకుంటుంది. ఈ అంకె చూడండి, ఎంత వంకరగా ఉందో! నాలుగూ కాదు, అయిదూ కాదు. అసలు ఆ చిప్పు 5 దాకా వెళ్ళగలదు. మరి 4.77 ఎందుకు?

కారణం టీవీ. మన చేతి గడియారాల్లో ఉన్నట్టే కంప్యూటర్‌లోనూ ఒక క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. లెక్క తప్పకుండా కంపిస్తూ ఉండటమే దాని పని. ఐబీఎం వాళ్ళు వాడిన ముక్క సెకనుకి కోటీ 43 లక్షల 18 వేల సార్లు కంపిస్తుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే వచ్చేది అమెరికాలో కలర్ టీవీకి రంగులు మోసుకెళ్ళే సంకేతం వేగం. ఇంట్లో ఉన్న టీవీకే కంప్యూటర్‌ని తగిలించుకునే వీలుండాలని వాళ్ళ ఆలోచన. టీవీ కోసం ఎలాగూ ఆ ముక్క పెట్టాలి కదా, దాన్నే మూడుతో భాగించి చిప్పుకి ఇచ్చేశారు. అదే 4.77. పన్నెండుతో భాగించి లోపలి గడియారానికి ఇచ్చారు. ఒకే పప్పు ఉడికించి సగం సాంబారులోకి, కొంత పచ్చడిలోకి, మిగిలింది ముద్దపప్పుగా సర్దినట్టు, ఒక్క ముక్కతో మూడు పనులు గడిపేశారు.

తమాషా ఏమిటంటే 1982లో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడు మనం తీసుకున్నది అమెరికా పద్ధతి కాదు, పాల్ అనే వేరే పద్ధతి. మన టీవీకీ ఆ అంకెకీ ఏ సంబంధమూ లేదు. అయినా తర్వాత సికింద్రాబాద్ సీటీసీలో బిగించిన కంప్యూటర్లలో కూడా ఐబీఎం పోలిక తప్పకూడదని అదే క్వార్ట్జ్ ముక్క ఉండేది. అమెరికా టీవీ రంగుల లెక్క మన ఇళ్ళల్లోకి అలా చేరింది.

ఇక ఆటల సంగతి. ఒక బొమ్మ తెర మీద ఎడమ నుంచి కుడికి నడవాలి. మరీ వేగంగా నడిస్తే కంటికి ఆనదు. ఒక అడుగు వేశాక కాసేపు ఆగి ఇంకో అడుగు వెయ్యాలి. ఆ "కాసేపు"ని కంప్యూటర్‌కి ఎలా చెప్పాలి? లోపల గడియారం ఉంది కానీ అది సెకనుకి 18 సార్లే టిక్కుమంటుంది. గబగబా కదిలే ఆటకి ఆ కొలత చాలా ముతక. దాన్ని సవరించి వాడుకునే పద్ధతులున్నాయి, కానీ శ్రమ. అందుకని చాలామంది సులువు దారి పట్టారు. "ఒకటి నుంచి పదివేల దాకా ఊరికే లెక్కపెట్టు, అయ్యాక ఇంకో అడుగు వెయ్యి" అని రాసేశారు. కొందరు అదీ రాయలేదు. బొమ్మలన్నీ గీసేసరికే కంప్యూటర్ అలసిపోతుంది, ఆ ఆలస్యమే ఆటకి సరిపోయేది.

వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. అప్పట్లో ఐబీఎం పీసీలన్నీ ఒకే వేగం. 1983లో వచ్చిన ఎక్స్‌టీ కూడా 4.77 మీదే నడిచింది. వీధిలో అందరి ఇళ్ళల్లో ఒకే కంపెనీ కుక్కరు, ఒకే స్టవ్వు ఉంటే "మూడు విజిల్స్ రానిచ్చి దించండి" అని వంటల పుస్తకంలో రాసుకోవచ్చు కదా. ఎన్ని నిమిషాలో రాయక్కర్లేదు.

కంప్యూటర్ తాపీని ఆటలో భాగం చేసుకోవడం అంతకు ముందే ఒకసారి అద్భుతంగా కుదిరింది. 1978లో జపాన్‌లో టైటో కంపెనీకి నిషికాడో అనే ఆయన స్పేస్ ఇన్వేడర్స్ తయారుచేశారు. తెర మీద 55 గ్రహాంతరవాసులు బారులు తీరి దిగుతూ ఉంటారు, వాళ్ళని కాల్చాలి. అన్నింటినీ గీయడానికి ఆ యంత్రానికి చాలా సమయం పట్టేది. కొన్ని చచ్చిపోయేసరికి గీయాల్సినవి తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. చివరికి ఒక్కటే మిగిలితే అది తెర మీద ఉరకలు వేసేది. ఇది ఆయన కావాలని పెట్టింది కాదు. కానీ చూశాక, ఆట రక్తి కడుతోందని అలాగే ఉంచేశారు. జనాన్ని గంటలకొద్దీ నిలబెట్టిన ఆ ఉత్కంఠ యంత్రం చేతకానితనంలోంచి పుట్టింది.

ఐబీఎం వారి లోకంలో మాత్రం కథ అంత బాగా నడవలేదు. 1984లో ఏటీ అనే కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో 80286 చిప్పు, 6 మెగాహెర్ట్జ్. అంకె చూస్తే పెద్ద తేడా లేదు కానీ, ఈ చిప్పు ఒక్కో దెబ్బకి చేసే పని ఎక్కువ. ఇతర కంపెనీలు ఎక్స్‌టీకి నకళ్ళు తీసి, 8, 10 మెగాహెర్ట్జ్ మీద నడిపించడం మొదలుపెట్టాయి. తర్వాత 386, 1989లో 486, 1993లో పెంటియం. పదివేలు లెక్కపెట్టడం అన్నది పాత యంత్రానికి ఒక పని. కొత్తదానికి రెప్పపాటు కూడా కాదు.

ఆటలో ఏమీ చెడిపోలేదు, గమనించండి. బొమ్మలు అవే, రంగులు అవే, నియమాలు అవే. కానీ తెర వెలగగానే శత్రువు వచ్చేసేవాడు, మీట మీద వేలు పడేలోపే ఆట అయిపోయేది. 1990లో వచ్చిన వింగ్ కమాండర్ అనే అంతరిక్ష యుద్ధం ఆట ఆ రోజుల్లో మంచి కంప్యూటర్ ఉంటేనే నడిచేది. కొన్నేళ్ళకి పెంటియం మీద పెడితే విమానాలు ఈగల్లా అటూ ఇటూ ఎగిరిపోయేవి. యంత్రాలు ఎన్నో రెట్లు ముందుకు వెళ్ళాయి, మనిషి చెయ్యి ఉన్నచోటే ఉంది.

అందుకే టర్బో బటన్. కంప్యూటర్ తయారుచేసేవాళ్ళు "మా దగ్గర వేగం ఉంది, పాత ప్రోగ్రాము కావాలంటే ఇది నొక్కండి, ముసలి కంప్యూటర్‌లా నటిస్తుంది" అన్నారు. కొన్నింటిలో అది గుండె వేగాన్ని సగానికి తగ్గించేది. కొన్నింటిలో పని మధ్యలో ఊరికే నిలబెట్టేది. దానికి "స్లో" అని పేరు పెట్టి ఎవరు అమ్ముతారు? అందుకే టర్బో అన్నారు. పేరు వేగానిది, పని కళ్ళేనిది.

ఆ మెరిసే అంకె సంగతి కూడా చెప్పాలి. మా మరిది కొన్నాళ్ళు స్నేహితుడితో కలిసి కంప్యూటర్లు బిగించేవాడు. ఆ అంకె దేన్నీ కొలవదని వాడు చెప్పగా విన్నాను. వెనకాల చిన్న చిన్న క్లిప్పులుంటాయి, జంపర్లంటారు. బటన్ నొక్కినప్పుడు ఏ అంకె కనబడాలో, నొక్కనప్పుడు ఏది కనబడాలో బిగించేవాడే వాటితో అమరుస్తాడు. 66 బదులు 99 అని పెట్టినా అది అలాగే మెరుస్తుంది. బంగారం కొట్లో తూకం యంత్రంలా ఉంటుంది కానీ, నిజానికి గుమ్మానికి తగిలించిన పేరు పలక లాంటిదే.

టర్బో బటన్‌తో ఇంకో చిక్కు ఉంది. దానికి తెలిసినవి రెండే వేగాలు. 486ని ఎంత నెమ్మది చేసినా అది 1981 నాటి కంప్యూటర్ కంటే వేగంగానే ఉండేది. అప్పుడు పాత ఆటల మీద ప్రేమ ఉన్నవాళ్ళు వేరే దారులు వెతికారు. వాటిలో నాకు బాగా నచ్చింది క్యాష్ తీసెయ్యడం.

క్యాష్ అంటే మన పోపుల డబ్బా. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరప, జీలకర్ర అన్నీ స్టోర్ రూములో డబ్బాల నిండా ఉంటాయి. కానీ పోపు వేసేటప్పుడు ప్రతిసారీ అక్కడికి పరుగెడతామా? తరచూ వాడేవాటిని కొంచెం కొంచెం పోపుల డబ్బాలో పోసుకుని స్టవ్వు పక్కనే పెట్టుకుంటాం. చిప్పు కూడా అంతే. మాటిమాటికీ కావలసిన సమాచారాన్ని తన ఒళ్ళోనే దాచుకుంటుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ క్యాష్‌ని వద్దంటే, పోపుల డబ్బా దాచేసినట్టే. ప్రతి ఆవగింజకీ స్టోర్ రూముకి వెళ్ళి రావాలి. అలా చేస్తే పెంటియం లాంటిది కూడా 386 కాలానికి దిగి వస్తుంది. పాత కంప్యూటర్లు సేకరించేవాళ్ళు ఇప్పటికీ ఈ ఉపాయమే వాడతారు.

రెండో దారి, వేగాన్ని మింగేసే ప్రోగ్రాములు. మోస్లో అని ఒకటి ఉండేది. ఎంత శాతం వేగం కావాలో చెప్తే మిగతా సమయాన్ని అది ఊరికే తినేసేది. పదిశాతం చాలంటే, తొంభై వంతులు తను కూర్చుని పది వంతులు ఆటకి ఇచ్చేది. లెక్క సరిపోతుంది కానీ నడకలో తేడా తెలుస్తుంది. రెండేళ్ళ పిల్లాడికి "నెమ్మదిగా నడువు నాన్నా" అని చెప్తే ఏం చేస్తాడు? నాలుగడుగులు పరుగెత్తి ఆగుతాడు, మళ్ళీ నాలుగడుగులు పరుగెత్తి ఆగుతాడు. మొత్తం మీద మన పక్కనే ఉంటాడు కానీ దాన్ని నెమ్మదిగా నడవడం అనలేం. ఆటలూ అలాగే కుదుపులతో నడిచేవి.

మరి ముందుచూపుతో రాసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. బోర్లాండ్ కంపెనీ వారి టర్బో పాస్కల్ అనే పనిముట్టుతో చాలామంది ప్రోగ్రాములు రాసేవారు. అందులో ఒక మంచి ఏర్పాటుంది. ప్రోగ్రాము మొదలవగానే, గడియారం ఒక్కసారి టిక్కుమనేలోపు, అంటే సెకనులో పద్దెనిమిదో వంతులో, ఈ కంప్యూటర్ ఎంత దాకా లెక్కపెట్టగలదో చూసుకుంటుంది. దాన్ని 55తో భాగించి, ఒక మిల్లీసెకనుకి ఎంత లెక్కపెట్టాలో రాసి పెట్టుకుంటుంది. యంత్రం ఏదైనా సరే, కొలిచి మరీ మొదలుపెడుతుంది. ఇంతకంటే జాగ్రత్త ఏం కావాలి?

కానీ ఆ జవాబు రాసుకోవడానికి ఇచ్చిన చోటు చిన్నది. 65,535 దాటితే పట్టదు. రాసినవాళ్ళకి అది సముద్రమంత కనబడి ఉంటుంది. తొంభైల చివర్లో 200 మెగాహెర్ట్జ్ దాటిన చిప్పులు వచ్చేసరికి జవాబు ఆ గిన్నెలో పొర్లిపోయింది. అంతవరకూ చక్కగా నడిచిన ప్రోగ్రాములు మొదలవగానే "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని చెప్పి ఆగిపోయాయి. సున్నాతో భాగించావు అని దాని అర్థం. ఎక్కడా సున్నా లేదు! జవాబు పట్టనంత పెద్దదైనా, సున్నాతో భాగించినా చిప్పు వేసే కేక ఒకటే. కంప్యూటర్ మరీ బాగా లెక్కపెట్టడమే అక్కడ నేరమైంది.

ఆ కాలానికే టర్బో బటన్ క్యాబినెట్ల మీద నుంచి మాయమవుతూ వచ్చింది. కొత్త ఆటలు రాసేవాళ్ళు లెక్కపెట్టడం మానేసి, "పోయిన అడుగు వేసి ఎంత సేపయింది?" అని గడియారాన్ని అడగడం అలవాటు చేసుకున్నారు. యంత్రం ఎంత వేగమైనా నడక మారదు. కొన్ని పాత ఆటలని అభిమానులే తిరగరాశారు. 1983లో కెనడా నుంచి వచ్చిన డిగ్గర్ అనే ఆట అలాంటిది. నేల తవ్వుకుంటూ పచ్చలు ఏరుకునే ఆ ఆటని 1998లో కొత్త కంప్యూటర్ల మీద సరిగ్గా ఆడేటట్టు మళ్ళీ తయారుచేశారు. మిగతావాటి కోసం 2002లో డాస్‌బాక్స్ వచ్చింది. ఇది ఇప్పటి కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ని బొమ్మరిల్లులా కట్టి చూపిస్తుంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ 12 నొక్కితే వేగం పెరుగుతుంది, ఎఫ్ 11 నొక్కితే తగ్గుతుంది. టర్బో బటన్‌లా రెండు మెట్లు కాదు, ఎన్ని మెట్లయినా దిగొచ్చు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఎక్కడిదాకా దిగాలి? ఏది సరైన వేగం?

ఆట తెరిచి చూస్తే అందులో రాసి ఉండదు. పదివేలు లెక్కపెట్టమని ఉంటుంది కానీ, అది ఎంతసేపో ఉండదు. ఆ సంగతి పాత యంత్రంలో ఉండేది. యంత్రం తుక్కులోకి పోయాక అది తెలిసింది దాని ముందు కూర్చున్న మనిషికి మాత్రమే. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి డాస్‌బాక్స్‌లో ఒక పాత ఆట పెట్టాడు. వాడికి అది చాలా నీరసంగా ఉందని వేగం పెంచుతున్నాడు. మావారు పేపరు పక్కన పెట్టి వచ్చి, "అబ్బే, అంత లేదురా, తగ్గించు" అన్నారు. వాడు తగ్గించాడు. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ, అదీ!" అన్నారు. కాలేజీ వదిలి ఇన్నేళ్ళయింది. ఆయనకి ఆ కంప్యూటర్ ఏ కంపెనీదో గుర్తులేదు, దాని వేగం ఎంతో గుర్తులేదు. చేతికి మాత్రం గుర్తుంది. వాడు ఆ అంకె చూసి కాగితం మీద రాసుకున్నాడు. 300కి దగ్గర్లో ఉంది. 1981 నాటి కంప్యూటర్‌కి డాస్‌బాక్స్‌లో సరిపోయే అంకె దాదాపు అదేనట.

వంటింట్లో కూడా ఈ రెండు రకాల కొలతలూ ఉన్నాయి కదా. "రెండు కట్టెలు కాలేంతసేపు ఉడకనివ్వు" అనేది పాత ఆటలాంటి కొలత. పొయ్యి మారితే అర్థం పోతుంది. ఇండక్షన్ స్టవ్వు మీద కట్టెలెక్కడివి? అరిసెల పాకం అలా కాదు. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక చుక్క పాకం వేసి, వేలితో కూడదీస్తే ఉండ కట్టాలి. కట్టెల పొయ్యి మీదైనా గ్యాసు మీదైనా ఆ ఉండే సాక్ష్యం. మన ముందుతరం ఆడవాళ్ళకి ఈ రెండో రకం కొలత ఎప్పటినుంచో తెలుసు.

కానీ వాళ్ళ వంటలన్నీ అలా లేవు. మా అత్తయ్య చెప్పే వంటల్లో సగానికి పైగా మొదటి రకమే. "ఆ ఇత్తడి గిన్నెలో సగానికి", "మీ మామయ్యగారు స్నానం చేసి వచ్చేంతసేపు". ఇత్తడి గిన్నె ఎప్పుడో మారకానికి వేసేశారు. మామయ్యగారు లేరు. ఆ కొలత ఇప్పుడు ఆవిడ ఒక్కరి దగ్గరే ఉంది. అందుకే ఈమధ్య ఆవిడ కుర్చీని వంటింటి గుమ్మంలో వేయిస్తున్నాను. నేను గరిటె తిప్పుతూ ఉంటే ఆవిడ చూసి, "ఇంకా లేదు, ఇంకా లేదు... ఆఁ, దించెయ్యి" అంటారు. అప్పుడు గడియారం చూసి నోటు పుస్తకంలో రాసుకుంటాను. నిమిషాలూ రాస్తాను, అప్పటికి కూర ఏ రంగులో ఉందో, ఎలాంటి వాసన వస్తోందో కూడా రాస్తాను. రేపు మా కోడలి వంటింట్లో ఏ స్టవ్వు ఉంటుందో నాకేం తెలుసు?

ఇప్పటికి పదకొండు వంటలయ్యాయి. పనసపొట్టు కూర ఇంకా మిగిలి ఉంది, దానికి కాయ దొరకాలి.